ఉండాం స్వామీ

పండగ రాత్రి పీర్ల చావిడి ఊడ్చి, దీపం పెట్టి, పీరాంబీ పెట్టె ముందు కూర్చుంది. పీర్లుగా ఎత్తే పంజాలు ఆ పెట్టెలోనే ఉంటాయి. నిరుడు దాకా ఈ పని ఆమె మొగుడు, పీర్లకు పూజలు చేసే ముజావరు హుస్సేన్ బాషాది. ఎండాకాలంలో అతను పోయాడు. మరిది కలీముల్లా రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టుకుంటున్నాడు. ఊళ్లోని దూదేకుల ఇళ్లన్నీ ఆ కుట్టుమిషన్ల వెంటే పోయాయి. ఫోన్ చేసి రమ్మంటే, "ఈడ మావోళ్లు ఇవన్నీ వద్దంటాండారు వదినా" అని పెట్టేశాడు. ఇక ఆడదైనా తనే దిక్కు.

ఆ పల్లెకు ఒక కట్టడి ఉంది. పీరు లేచే ముందు ముజావరు ఊళ్లో ప్రతి ఇంటినీ, కులం ఎంచకుండా, వరసగా పేరుపెట్టి పిలవాలి. ఆ ఇంటివాళ్లు "ఉండాం స్వామీ" అని పలికి పళ్లెంలో గుప్పెడు చక్కెర పోయాలి. పంజాకు అయిదు వేళ్లు కాబట్టి అయిదిళ్లయినా పలకాలి. పలక్కపోతే పెట్టె తెరవరాదు. ఒక ఏడు తెరవని పెట్టెను ఇక ఎప్పటికీ తెరవరాదు. ఊరు నిండుగా ఉన్న రోజుల్లో ఈ మాటకు జనం నవ్వేవాళ్లు. అయిదేం ఖర్మ, చక్కెరకు గంగాళాలు చాలేవి కావు.

బోర్లు ఎండాయి, శెనక్కాయ పండటం మానింది. పెద్ద రైతులు భూముల్ని ఎండతో కరెంటు తీసే సోలార్ పలకలకు కౌలుకిచ్చి అనంతపురంలో మేడలు కట్టారు. కూలి లేని వాళ్లు బెంగుళూరు బస్సెక్కారు. ఊరి ఆదాయం బాగా పెరిగిందని ఆమధ్య సర్వేకొచ్చిన అమ్మాయి చెప్పి పోయింది. పెరగదా మరి? కౌలు డబ్బు ఊరి లెక్కలో ఉంది, పేదవాడు ఊళ్లో లేడు. ఇక మిగిలిన కొన్ని ఇళ్లలో కొందరికి పీర్లు ఈమధ్య కొత్తగా పరాయి దేవుళ్లయ్యారు. వాళ్ల తాతలు ఈ చావిడి ముందరి నిప్పుల గుండం చుట్టూ చిందేసినవాళ్లే.

అయినా పీరాంబీకి ధైర్యంగానే ఉంది. తనది ఒక ఇల్లు. ఊరు పొమ్మంటూ కాడు రమ్మంటున్నా కర్ర ఊతంతో వచ్చింది ఓబులమ్మ. గొర్రెలమ్ముకున్న వీరప్ప వచ్చాడు. పింఛను మీద బతికే నల్లమ్మ వచ్చింది. ముప్పై ఏళ్లుగా పెద్ద పీరు ఎత్తే తిమ్మప్ప తలస్నానం చేసి వచ్చాడు. సరిగ్గా అయిదు.

ఆమె పిలవటం మొదలుపెట్టింది. తాళాలు పడిన ఇళ్లూ, తలుపులు వేసుకున్న ఇళ్లూ పలకలేదు. వీధి తర్వాత వీధి పిలుస్తూ, ప్రతి పేరుకూ ఆమె గడప వైపు చూసింది.

"జయరాముడి ఇల్లు!"

"ఉండాం స్వామీ" అన్నాడు తిమ్మప్ప, ఆమె బాధ చూడలేక.

పీరాంబీకి కోపమొచ్చింది. "జయరాముడు యాడుండాడప్పా? ఇల్లు కూలి రెండేండ్లాయ. స్వామి ముందర అబద్ధమాడొద్దు!"

తిమ్మప్ప తల దించుకున్నాడు. ఓబులమ్మ పలికింది. వీరప్ప పలికాడు. నల్లమ్మ పలికింది. తన ఇంటిని తనే పిలుచుకుని, తనే పలికి, చక్కెర పోసింది పీరాంబీ. పీరు ఎత్తేవాడి ఇంటిని చివర్న పిలవటం ఆచారం.

"తిమ్మప్ప ఇల్లు!"

పలుకు లేదు. వినపడలేదేమోనని మళ్లీ పిలిచింది.

"ఇల్లు ఖాళీ చేసినా వదినా" అన్నాడు తిమ్మప్ప. "సామాన్లు పొద్దున్నే పంపిస్తి. బెంగుళూరులో వాచ్‌మన్ పని. స్వామిని ఎత్తి, తెల్లారి బస్సుకు పోదామనుకుంటి. పండగయినాంక చెప్దామనుకుంటి."

"ఈ రాత్రికి ఉండావు గదప్పా!"

"నేనుండా. ఇల్లు లేదు గదా వదినా. నువ్వు పిలిచింది ఇంటిని."

పీరాంబీ తన నోటితో తనే ఎంత పని చేసుకుంది! జయరాముడి ఇంటికి అతను పలికినప్పుడు అబద్ధమాడొద్దని అనకుండా ఉంటే ఈపాటికి పెట్టె తెరుచుకునేది. పళ్లెం తీసుకుపోయి అతని ముందు పెట్టింది.

"అబద్ధమైనా పలుకప్పా. పాపం నాకే తగలనీ."

తిమ్మప్ప తను తెచ్చిన సంచిలోంచి పిడికిట్లోకి చక్కెర తీసుకున్నాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. చక్కెరను మెల్లగా తన సంచిలోకే వదిలి, చావిడి గడపకు మొక్కి, మెట్లు దిగిపోయాడు.