పూజలో పెట్టిన ఆట పుస్తకం

పన్నెండేళ్లుగా ఒక తప్పు మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకైతే చెప్పగలనేమో అనిపిస్తోంది.

మొన్న ఆఫీసులో భోజనాల దగ్గర కుర్రాళ్లు పాత కంప్యూటర్ ఆటల గురించి మాట్లాడుకుంటున్నారు. ఇప్పుడు ఆట కొంటే ఒక సీడీ, మడతపెట్టిన ఒక కాగితం వస్తున్నాయట. అప్పట్లో డబ్బా తెరిస్తే ఇటుకంత పుస్తకం ఉండేదట. ఆ బొమ్మలు, ఆ కొత్త కాగితం వాసన, ఆట కన్నా పుస్తకమే బాగుండేదని ఒకడు తెగ మురిసిపోయాడు. మీకు ఇవన్నీ తెలీవులెండి మేడమ్ అన్నాడు నాతో. నాకు తెలీదా? క్యారేజీ సగంలో మూసేసి లేచి వచ్చేశాను.

అప్పట్లో మేం పటమటలో ఒక మేడ కింది వాటాలో అద్దెకుండేవాళ్లం. పైన ఇంటివాళ్లు. ఆవిణ్ణి పిన్నిగారూ అని పిలిచేదాన్ని. వాళ్లబ్బాయి కిశోర్‌కి కంప్యూటర్ ఉంది. ఓడలో పనిచేసే బంధువెవరో సింగపూర్ నుంచి ఒక ఆట తెచ్చిచ్చాడు. ఊళ్లు కట్టుకుంటూ, ఓడలు పంపుకుంటూ రాజ్యం పెంచుకునే ఆట. దాంతోపాటే ఆ లావుపాటి పుస్తకం. ఆట మొదలవ్వాలంటే ఫలానా పేజీలో ఏముందో అడిగేది. జవాబు కొడితేనే ముందుకు కదిలేది. పుస్తకం పోతే ఆట పోయినట్టే. అందుకే కిశోర్ దాన్ని గడప దాటనిచ్చేవాడు కాదు.

ఆడేది కిశోర్. చదివేది మేమిద్దరం, నేనూ పద్మా. పద్మ పిన్నిగారి ఆడపడుచు కూతురు. ఊరు చల్లపల్లి. ఇంటర్ చదవడానికి మేనమామ ఇంట్లో ఉండేది. ఇద్దరిదీ ఒకటే కాలేజీ. కాలేజీ నుంచి రాగానే పైన వాళ్ల వరండాలో డిక్షనరీ పక్కన పెట్టుకుని కూర్చునేవాళ్లం. కుండ చేయడం వస్తే ఆ రాజ్యం ఏమవుతుంది, చక్రం వస్తే ఏమవుతుంది, అన్నీ ఓపిగ్గా రాసి ఉండేవి. మా పాఠాల్లో ఎక్కడా లేని ఇంగ్లీషు. అది చదువుతున్నంతసేపూ నేను అద్దె వాటాలో పిల్లని కాదు, ఎక్కడికైనా వెళ్లగలిగిన మనిషిని. నాకు అది కావాలి. కంప్యూటర్ కాదు, ఆట కాదు. ఆ పుస్తకం.

దసరాల్లో మూలా నక్షత్రం వచ్చింది. ఆ రోజు పిల్లల పుస్తకాలన్నీ సరస్వతీ పూజలో పెడతాం, మర్నాటిదాకా ముట్టుకోం. కిశోర్ వేళాకోళానికి తన ఆట పుస్తకం కూడా పీట మీద పెట్టించాడు. పిన్నిగారు నవ్వుతూనే దానికీ పసుపూ కుంకుమా పెట్టారు. తర్వాత వాళ్లంతా కొండమీదికి అమ్మవారి దర్శనానికి వెళ్లారు. దీపం చూసుకోవడానికి పద్మ ఉండిపోయింది. మధ్యాహ్నం మా అమ్మ తనని కిందికి భోజనానికి పిలిచింది. పద్మ పులిహోర తింటూ ఉండగా, ఆరిన బట్టలు తెస్తానని నేను డాబా మీదికి వెళ్లాను. వాళ్ల తలుపు దగ్గరగా వేసి ఉంది.

ఒక్క రోజు చదివి తిరిగి పెట్టేద్దామనుకున్నానా? అలా అనుకున్నానని చాలా ఏళ్లు నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అబద్ధం. తిరిగి పెట్టాలని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. బట్టల మధ్య దాచి తెచ్చి పరుపుల కింద తోశాను.

సాయంత్రం వాళ్లొచ్చాక గొడవ మొదలైంది. ఇంకో రోజైతే కిశోర్ నాలుగు కేకలేసి ఊరుకునేవాడేమో. కానీ అది అమ్మవారి ముందు నుంచి పోయింది. పిన్నిగారికి అది ఇంటికి అరిష్టం. తీసిందెవరో తేలేదాకా ఉద్వాసన చెప్పనని కూర్చున్నారు. మమ్మల్నీ పైకి పిలిచారు. నేను మా నాన్న మొహం చూశాను. అద్దెకున్నవాళ్లం. దొంగలన్న పేరు వస్తే మర్నాడే సామాన్లు సర్దుకోవాలి.

అప్పటికే పద్మ ట్రంకుపెట్టె వెతికేశారు. అందులో ఒక నోట్‌బుక్ దొరికింది. ఆ పుస్తకంలోని పేజీలు వరసగా, బొమ్మలతో సహా, గుండ్రటి అక్షరాలతో ఎత్తి రాసి ఉన్నాయి. అంత ఆశ ఉన్నదే తీసి ఉంటుందని వాళ్ల అనుమానం. నెల రోజులుగా పద్మ అది నా కోసమే రాస్తోంది. కిశోర్ పుస్తకాన్ని కిందికి పంపడు కదా, నీకంటూ ఒకటుండాలి అనేది.

"నీ కోసం రాశానంటోందమ్మా. నిజమేనా?" అని పిన్నిగారు నన్నడిగారు.

పద్మ నన్నే చూస్తోంది. ఆ మొహంలో భయం లేదు. నేను చెబుతానని నమ్మకం.

"నాకు తెలీదండీ పిన్నిగారూ. మధ్యాహ్నం దాకా పైన పద్మ ఒక్కతే ఉంది."

రెండో మాట నిజమే. నన్ను ఎక్కువ తినేసేది కూడా అదే. తను తియ్యలేదని పద్మ అప్పటికే చాలాసార్లు చెప్పింది. నా పేరు మాత్రం మళ్లీ ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదు? ఒక్కసారి గట్టిగా అడిగినా నేను బయటపడేదాన్ని. బయటపడేదాన్నేనా?

రెండో రోజు వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లిపోయారు. బావమరిది ఇంట్లో దొంగ అనిపించుకున్నదానికి ఇంక చదువెందుకన్నారట. ఇంటర్ మధ్యలో ఆగిపోయింది. నాకు లెక్కలు చెప్పింది పద్మే. నేను పాసయ్యాను, డిగ్రీ చేశాను, ఉద్యోగం తెచ్చుకున్నాను. ఆ పుస్తకం మాత్రం ఒక్క పేజీ కూడా చదవలేకపోయాను. అట్ట మీద కుంకుమ కనబడగానే మళ్లీ పరుపుల కిందికి తోసేసేదాన్ని. వారానికి తీసుకెళ్లి బందరు కాలువలో పడేశాను.

పోయినేడు గవర్నర్‌పేటలో ఒక బట్టల షాపులో పద్మ కనిపించింది. తప్పుకుందామనుకునే లోపే వచ్చి చెయ్యి పట్టుకుంది. ఇద్దరు పిల్లలట. ఇంట్లోనే మిషను కుడుతోందట. మేనమామ వాళ్లింట్లో దిగానంది. అందరూ బాగున్నారా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"బాగానే ఉన్నారు. అత్తయ్య మాత్రం ఇప్పటికీ నేనుంటే బీరువా తాళం తియ్యదు. నేనే లేచి బయటికి వెళ్తాలే, పాపం ఆవిడకి ఇబ్బందని," అంది నవ్వుతూ.

తనకి తెలుసా? తెలిసే అందా? ఆ నవ్వులో వెతుకుతూనే ఉన్నాను, ఇంతవరకూ ఏమీ దొరకలేదు. బస్సు వేళయిందని చెప్పి వచ్చేశాను. నాకు ఏ బస్సూ లేదు.

పిన్నిగారు ఆ ఇంట్లోనే ఉన్నారు. రెండుసార్లు ఆ వీధి దాకా వెళ్లి వెనక్కి తిరిగాను. మూడోసారి వెళ్తానని మీకు మాటివ్వలేను. మీరు క్షమించాలనీ రాయడం లేదు, అది మీ చేతిలో లేదు. పూజలోంచి పుస్తకం తీసింది నేను. ఆ నోట్సు నా కోసమే రాసింది. పద్మ ఏమీ తియ్యలేదు. ఇన్నేళ్లలో ఈ మాట పద్మ తప్ప ఇంకెవరూ అనలేదు. ఇప్పుడు నేనూ అన్నాను.