సివంగి ఏ జంతువు?

మొన్న కెనడాలో మా కిచెనర్ ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో కొత్త కుర్రాడు, తక్కువ ఖర్చులో ఆఫ్రికా సఫారీకి ఎలా వెళ్లాలండీ అని అడిగాడు. అడిగీ అడగ్గానే అందరూ అతన్ని నా మీదకు తోసేశారు. "ఆంటీని అడుగు తమ్ముడూ, ఆవిడ పులిహోర పులుసు సీసాలో పోసుకుని మరీ సింహాల దగ్గరికి వెళ్లొచ్చారు" అని ఒక మహాతల్లి ఎగతాళి కూడాను. పులుసు పట్టుకెళ్లిన మాట నిజమే, దాచుకోవడానికి ఏముంది? ఏ నెలలో వెళ్లాలో, ఎక్కడ దిగాలో టైపు చేయడం మొదలుపెట్టాను గానీ మధ్యలో వేలు ఆగిపోయింది. మేం ఎందుకు వెళ్లామో చెప్పకుండా ఎలా వెళ్లామో చెప్పడం నా వల్ల కాలేదు.

అవి ఇక్కడి కాలేజీలకు మన పిల్లలు వెల్లువలా వచ్చిపడుతున్న సంవత్సరాలు. బస్సెక్కితే సగం మాటలు తెలుగులోనే వినిపించేవి. మా బేస్‌మెంట్ ఖాళీగా ఉందని ఎవరు చెప్పారో గానీ, అచ్చంపేట దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయి చలికి ముక్కు ఎర్రగా చేసుకుని మా గుమ్మంలో నిలబడింది. పొద్దున క్లాసులు, సాయంత్రం కాఫీ షాపులో పార్ట్‌టైమ్. కింద మనిషి ఉందో లేదో తెలియనంత నెమ్మది. షాపులో ఎవరైనా కసిరినా "సారీ" అని తలవంచుకుంటుందట. నాకేమో ఇంట్లో చప్పుడు లేకపోతే ఒంట్లో బాగోనట్టు ఉంటుంది. అందుకని ఏదో వంకన పైకి పిలిచి టీ ఇచ్చేదాన్ని.

అలా ఒక ఆదివారం దిబ్బరొట్టె పెడితే, సగం తిని, ప్లేటు వంకే చూస్తూ అడిగింది: "ఆంటీ, సివంగి అంటే ఏం జంతువు?"

"ఆడసింహం. అదీ తెలీదా?" అన్నాను. మా కాకినాడ వైపు గడుసు పిల్లను సివంగి అంటే ఇంకేం అర్థం ఉంటుంది?

"మా దిక్కు దుమ్ములగొండిని అంటరు ఆంటీ. బొక్కలు కొరుకుతది, సూడు, అది." హైనా అన్నమాట. అది చెప్పేటప్పుడు ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

సోఫాలో పడుకుని క్రికెట్ చూస్తున్న మా ఆయనకు అప్పుడే చెవులు పనిచేశాయి. ఆయనది కడప. "మీ ఇద్దరికీ తెల్దులే. సివంగంటే చిరుతే. రాజులు వేటకు పెంచుకునేటోళ్లు. ఛీటా అంటారే, అది" అన్నాడు. చిరుత వేరు, ఛీటా వేరు అని నేను, రెండూ ఒకటే అని ఆయన. మా కాపురంలో అలాంటి గొడవలకు కొదవ లేదు. నిఘంటువు తీస్తే అందులో ఒకటికి రెండు అర్థాలు పెట్టి చేతులు దులుపుకున్నారు. ఇంటర్నెట్‌లో అయితే అడిగిన మనిషిని బట్టి జంతువు మారిపోతోంది. నాకు ఒకసారి కుతూహలం పుడితే నిద్రపట్టదు. ఇంతకీ నీకెందుకే ఈ గోల అని ఆ పిల్లను నిలదీశాను.

అప్పుడు చెప్పింది. కెనడా వెళ్తానంటే వాళ్ల నాన్న ససేమిరా అన్నాడట. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని ఉండగా "నా చదువు సంగతి నేను చూసుకుంట" అని ఎదురు మాట్లాడిందట, ఈ నోట్లో నాలుక లేని పిల్లే! తల్లి పోరగా పోరగా ఆయన శంషాబాద్ ఎయిర్‌పోర్టు దాకా వచ్చాడు. లోపలికి వెళ్లబోతుంటే ఒకే ఒక్క మాట, "సివంగివే నువ్వు" అనేసి, వెనక్కి తిరిగి పార్కింగ్ వైపు వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఫోన్ చేస్తే చాలు, తల్లి చేతికి ఇచ్చేస్తాడు. తల్లిని అడిగితే "మీ నాయిన మనసుల ఏమున్నదో నాకేం ఎరుక" అంటుంది.

"సింహమైతే మెచ్చుకున్నట్టు. దుమ్ములగొండి అయితే తిట్టినట్టు. ఏది అన్నడో తెలుస్తలేదు ఆంటీ" అంది. నవ్వుదామనుకున్నాను గానీ, ఆ పిల్ల కళ్లు చూస్తే నవ్వు రాలేదు. నాన్న తనను వెలేశాడా, దీవించాడా అన్నది ఆ పిల్లకు నిజంగానే తెలియదు.

"మూడింటినీ ఒక్కచోట చూడాలంటే ఆఫ్రికా పోవాల్సిందే పాపా" అని మా ఆయన పరాచికమాడాడు. ఆయన మర్చిపోయాడు, ఆ పిల్ల మర్చిపోలేదు. కాఫీ షాపులో ఎక్స్‌ట్రా షిఫ్టులు తీసుకుని, ఎండాకాలం సెలవులకు ముందు మళ్లీ పైకొచ్చి "సౌత్ ఆఫ్రికాల క్రూగర్ పార్కు చీప్ అంట అంకుల్. కారు షేర్ చేసుకుంటే ఇంకా తగ్గుతది. మీరొస్తరా?" అంది. మేం ముక్కున వేలేసుకున్నాం. ఈ దేశం వచ్చాక నయాగరా, సరిహద్దు అవతల బఫెలో ఊళ్లోని గుడి తప్ప మరో లోకం ఎరగని వాళ్లం. అయినా సివంగి సంగతి తేలకపోతే నాకు మాత్రం మనశ్శాంతి ఏదీ?

ప్లానింగ్ అంతా మా డైనింగ్ టేబుల్ మీదే జరిగింది. మనకు ఎండాకాలం అయితే అక్కడ చలికాలం, గడ్డి ఎండిపోయి జంతువులు నీళ్ల దగ్గరికి వస్తాయని కనిపెట్టింది ఆ పిల్లే. పెద్ద లాడ్జీలు వద్దు, పార్కు లోపల క్యాంపుల్లో గుడిసెలు ఉంటాయి, వంట మనమే చేసుకోవచ్చు అంది. వంట అనగానే నాకు హుషారొచ్చింది. ఇంతలో ఒక ట్రావెల్ ఏజెంటు పంపిన ప్యాకేజీలో పొద్దున ఒక గేమ్ డ్రైవ్, సాయంత్రం ఒక గేమ్ డ్రైవ్ అని కనిపించింది. అడవికి వెళ్లి ఈ ఆటలేమిటి, ఇదంతా డబ్బు గుంజే ఎత్తు అనుకుని, మాకు ఆటలు వద్దు, జంతువులు చూపిస్తే చాలు అని మెయిల్ పెట్టాను. పాపం, వాడు ఎంత తలపట్టుకున్నాడో! గేమ్ డ్రైవ్ అంటేనే జంతువులను చూడబోవడం అని ఆ పిల్ల చెప్పాక, మా ఆయన నవ్వీ నవ్వీ సోఫా మీద నుంచి దొర్లాడు. చివరికి ఏజెంటూ వద్దు ఎవరూ వద్దు, చిన్న కారు తీసుకుని మనమే డ్రైవ్ చేసుకుందామని తేల్చాం. మా పాస్‌పోర్టులకు ఇబ్బంది లేదు. ఆ పిల్లకు మాత్రం అటు వెళ్లడానికి వీసా వస్తుందో రాదో, తిరిగి వచ్చేదాకా కెనడా వీసా గడువు ఉంటుందో లేదో అని గుబులు. "తిరిగి రానివ్వకపోతే నా చదువు ఆగమైతది ఆంటీ" అని ఒకపక్క వణుకుతూనే అప్లై చేసింది.

వెళ్లాం. ఎడమ పక్క నడపడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య అన్న మా ఆయన, మలుపు వచ్చినప్పుడల్లా సిగ్నల్ అనుకుని వైపర్లు వేశాడు. చినుకు లేని ఆ చలికాలంలో అద్దం తళతళలాడిపోయింది. మొదటి రోజే రోడ్డు పక్క ఆడసింహం కనిపించింది. "అదుగో సివంగి!" అని నేను అరిస్తే అది కళ్లు కూడా తెరవలేదు. అరమైలు పొడుగు కార్లు ఆగి చూస్తుంటే గుర్రుపెట్టి నిద్రపోయింది. మా ఆయన ఛీటా మాత్రం చివరిదాకా కనిపించలేదు. ప్రతి చెట్టు కిందా ఉందంటాడు, చూస్తే మట్టిదిబ్బ.

ఒక పొద్దున, రోడ్డు కింద తూము దగ్గర దుమ్ములగొండి కనిపించింది. తూము నోట్లో పడుకుని పిల్లలకు పాలిస్తోంది. నల్లటి కూనలు రెండు దాని మీదెక్కి చెవులు లాగుతుంటే ఊరికే పడివుంది. మమ్మల్ని తల ఎత్తి చూసింది గానీ బెదరలేదు, కదల్లేదు. ఆ పిల్ల కిటికీ అద్దానికి ముఖం ఆనించి ఎంతసేపు చూసిందో! "గిదైనా ఏం కాదు ఆంటీ. మంచిగనే ఉన్నది" అని నవ్వింది. వీడియో తీసింది. క్యాంపుకు రాగానే ఆ వీడియో, సింహం ఫోటో, గూగుల్లో దొరికిన ఛీటా ఫోటో కలిపి తల్లి ఫోనుకు పంపింది. కింద ఒక్క ముక్క రాసింది, నాయినా నన్ను ఏదన్నవు అని.

నేను ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతుంటే ఆమె ఫోన్ మోగింది. తల్లి కాదు. ఇన్నాళ్లకు తొలిసారి వాళ్ల నాన్న. ఆ పిల్ల కంగారులో స్పీకర్ నొక్కేసింది. నేను కదిలితే చప్పుడవుతుందని కత్తి అలాగే పట్టుకుని నిలబడ్డాను.

"బిడ్డా, అవన్నీ నేనేడ జూసిన? నాకెరుకలేదు" అన్నాడు ఆయన. "మా అవ్వను, నీ నాయినమ్మను, అనేటోళ్లు సివంగని. పొలం గెట్టు కాడ పంచాయితి అయితే ఒక్కతే ఊరందరి ముందట నిలవడ్డది. నాకు మీసాలు రాకముందే పోయింది. ఫోటో సుత లేదు. నువ్వు ఎయిర్‌పోర్టుల బ్యాగు పట్టుకొని పోతాంటె ఎనకనుంచి అచ్చం మా అవ్వే నడిచి పోయినట్టున్నది. నిలవడలేకపోయిన బిడ్డా. ఇన్నొద్దులు నీ గొంతు ఇంటే ఏడుపొస్తదని ఫోన్ మీ అమ్మకిచ్చిన."

ఆ పిల్ల ఏడ్చింది. వెక్కుతూనే, "ఆమె ఎట్లుండేది నాయినా? చెప్పు" అని అడిగింది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. నేను కత్తి కింద పెట్టి, పొయ్యి ఆర్పి, మా ఆయన్ని బయటికి లాక్కుపోయాను. ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. లోపల నుంచి వాళ్ల నాన్న గొంతు, మధ్య మధ్య ఆ పిల్ల "మళ్ల?" అనడం వినిపిస్తూనే ఉన్నాయి. పోయినవాళ్ల నడక మనకు పుట్టుకతోనే వచ్చేస్తుంది. ఆ సంగతి మనతో చెప్పవలసినవాళ్లకు నోరు పెగలడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.