పెట్టెకు ఒక్కదినం సెలవు

పెరియంపట్టి వెంకటసామి పెళ్ళిళ్ళలో నాదస్వరం వాయిస్తాడు. ముహూర్తాలు లేని మాసాలలో, చెట్టికరై కాలేజీలో చదివిన ఇంజనీరింగు పుణ్యమా అని, తమిళనాడు ధర్మపురిలోని రెండు సంస్థల సర్వర్లను ఇంటినుంచే చూసుకొంటాడు. అతని సొంత సర్వరు మాత్రం వసారాలో బల్లమీద ఉన్న ఒక పాత కంప్యూటరు పెట్టె. స్వరాలు రాసే సాఫ్ట్‌వేరును తనకు కావలసినట్లు మలచుకొని, పెద్దమ్మ మునియక్క పాడే నాట్ల పాటలను రికార్డు చేసి, స్వరాలతోపాటు అందులో భద్రపరుస్తున్నాడు. ఇక్కడ స్థిరపడిన మనవాళ్ళలో తెలుగు చదవగలవారు తక్కువ గనుక సాహిత్యాన్ని తమిళ లిపిలోనూ పెడతాడు. తెలుగు ప్రతిని దిద్దే పని నాది. ముప్పైయేళ్ళు తరగతిలో ‘వచ్చినాను’ను కొట్టివేసి ‘వచ్చాను’ అని రాయించినవాణ్ణి. మునియక్క పాటలో ఆ ఒక్క అక్షరం తీసేస్తే తాళం కుంటుతుందని ఉద్యోగం మానాక గాని తెలియలేదు. అది వేరే కథ.

రాగినారు నాటేవారు మొక్కను మట్టిలో అదిమేటప్పుడు పాట ఆపుతారు. ఆ ఆగడానికి కొలత లేదు. సాఫ్ట్‌వేరు దాన్ని తప్పుగా ఎంచి తాళంలోకి లాగేసేది. వెంకటసామి పట్టుబట్టి, ఆ విరామానికి నారుమొక్క ఆకారంలో ఒక గుర్తును కల్పించాడు.

కిందటేడు మునియక్క గొంతులో గడ్డ లేచింది. ఆయుధ పూజ దాటిన వారానికి ఆపరేషను. ఆ తరువాత పాడే గొంతు ఉండకపోవచ్చునన్నారు. అందుకే పూజ ముందురోజు ఆమె తన తల్లి నేర్పిన పొడవైన పాటను, మిగిలిన ఆ ఒక్కదాన్నీ, పాడి ముగించింది.

మర్నాడు నాదస్వరానికీ కొడవళ్ళకూ బొట్టుపెట్టి పూజలో ఉంచారు. ఆనాడు పనిముట్లను వాడరు. వెంకటసామి గుమ్మడికాయ తేవడానికి వెళ్ళగా, మునియక్క సర్వరుకూ గంధం పూసి, కరెంటు తీగను లాగేసింది. అప్పుడది పాటలను కొత్త డిస్కులోకి మారుస్తోంది.

తిరిగివచ్చిన వెంకటసామి నా ఎదుటే అడిగాడు. “దీన్నెందుకు ఆపినావు పెద్దమ్మా?”

“అదీ పనిముట్టే గదరా. ఏడాదంతా గుర్రుమంటానే ఉండాది. నీ నాగసరానికి లీవు ఇచ్చి దీనికి ఇయ్యకుంటే ఎట్లా?”

అతడు తీగ మళ్ళీ తగిలించి గంటసేపు తెరముందు వెతికాడు. పాత పాటలకు వేరేచోట నకళ్ళున్నాయి. నిన్నటిదానికి లేదు.

“పోయిందా?” అంది మునియక్క.

“నిన్నటిది ఒకటే.”

“రేపు మళ్ళీ పాడతాను.”

“డాక్టరు మాట్లాడొద్దన్నాడు గదా.”

“మాట్లాడొద్దన్నాడు. పాడొద్దనలేదు.”

విజయదశమి ఉదయం ఆమె కూర్చుని మొదలుపెట్టింది. రెండో చరణం గుర్తుకు రాలేదు. లేచి, కొంగు దోపుకొని, ఉత్త నేలలో నారు నాటుతున్నట్లు వంగింది. పాట వచ్చింది. గొంతు బొంగురుపోయి, ప్రతి విరామంలోనూ ఆయాసం వినబడింది.

“ఈ ఊపిరి చప్పుడు తీసేస్తాలే,” అన్నాడు వెంకటసామి.

“తీయొద్దురా. వంగి నాటేదానికి ఊపిరి పట్టదా?”

తీయలేదు. సాయంత్రానికే ఆ పాట నకళ్ళు మూడు చోట్ల చేరాయి.

ఆపరేషను తరువాత ఆమెకు గుసగుస మాత్రమే మిగిలింది. ఈ ఏడు ఆయుధ పూజకు వెంకటసామి నకళ్ళన్నీ తీసుకొని, సర్వరును తానే పద్ధతిగా ఆపి, గంధం గిన్నె పెద్దమ్మ చేతికిచ్చాడు. మర్నాటి ఉదయం ఆమె బల్లదగ్గరికి వచ్చి నిలబడింది.

“మేలుకొనిందా?” అని గుసగుసగా అడిగింది.

వెంకటసామి మీట నొక్కగానే నిరుడు ఆమె పాడిన పాట మొదలైంది. మొదటి విరామం వచ్చినప్పుడు ఆమె నడుము కొద్దిగా వంగింది.