కొడవళ్ల ఫోటో

జర దగ్గరికి జరిగి కూర్చోండి, చెప్తాను. పొద్దున అటక మీది సంచి దులిపితే అమ్మ కొడవలి కింద పడింది. ఆ తుప్పు వాసన తగలగానే మామిడిపల్లిలో మా వరి కోతలు గుర్తొచ్చాయి: మంచుకు తడిసిన గడ్డి, మూటలో జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం, గోడ అవతలి ఖాసింబీ చిన్నమ్మ తెచ్చే పుల్లటి పప్పు. చిన్నమ్మ పెనిమిటి దుబాయిలో ఉండేవాడు. ఆమె, అమ్మ ఒకే మడిలో పక్కపక్కన వంగి కోసేవాళ్లు. బతుకమ్మకు మా సత్తుపిండి గోడ మీదుగా అటు పోయేది, రంజాన్‌కు వాళ్ల సేమ్యాలు ఇటు వచ్చేవి, గిన్నె ఏనాడూ ఖాళీగా తిరిగిపోలేదు.

నా చిన్నప్పుడు ఒక ఏడు కోతలప్పుడే ఎన్నికలు వచ్చాయి. ఒక నాయకుడు జీపెక్కి, అవతలి మతం వాళ్లను నరకాలని మైకులో అరిచిపోయాడు. అరుగుల మీద పెద్దలు బీడీలు కాల్చుకుంటూ విన్నారు, మర్నాడు ఎప్పటిలాగే కోతకు పోయారు. దారిలో పేపరాయన ఎవరో ఆడవాళ్లను ఫోటో తీస్తే, అమ్మ కొంగు సర్దుకుంది, చిన్నమ్మ నవ్వుతూ కొడవలి పైకెత్తింది. తెల్లారి నాయన హోటల్లో పేపర్ చూసి, దాన్ని పట్టుకుని ఇంటికి ఉరికొచ్చాడు. నాయకుడి మాటల కింద ఆ ఫోటో వేసి, మా ఊరి ఆడవాళ్లు కత్తులు పట్టి సిద్ధంగా ఉన్నారని రాశారు.

ఆ సాయంత్రమే పాతబస్తీ నుంచి చిన్నమ్మ అన్న ఆటో తెచ్చాడు, చెల్లెను తీసుకుపోవడానికి. అమ్మ వాళ్ల గడపకు అడ్డం నిలబడింది.

"అన్నా, ఫోటోల జర సూడు. నా పక్కన కొడవలి ఎత్తింది నీ చెల్లెనే గద."

"సూసిన అక్కా. నేను సూస్తె ఏమైతది? రేపు నలుగురొస్తె నువ్వొక్కదానివి ఆపుతవా?"

అమ్మ పక్కకు జరిగింది.

నాయన పోయి పోట్లాడితే కొన్నాళ్లకు పేపర్ లోపలి పేజీలో తప్పయిందని అగ్గిపెట్టంత వేశారు. అమ్మ దాన్ని కొంగున ముడేసుకుని, నన్ను వెంటబెట్టుకుని పాతబస్తీకి పోయింది. చిన్నమ్మ ఆ ముక్కను చదివించుకుని విని, అమ్మ చెయ్యి పట్టుకుంది.

"నిన్ను నమ్మనిది ఎప్పుడక్కా? గని గింత కాయితం ఎవరికి కనవడ్తది?"

ఆమె మళ్లీ రాలేదు.

ఆ మడి ఇప్పుడు విమానాశ్రయం గోడ లోపల ఉంది. మనవరాలి ఫోనులో ఇంకో నాయకుడు నరకాలంటున్నాడు, టీవీ వాళ్లు అదే ముక్కను తిప్పి తిప్పి వేస్తున్నారు. పక్కింట్లోకి కొత్తగా కిరాయికి దిగినవాళ్లకు మొన్న సత్తుపిండి పట్టుకుపోతే, తలుపు తీయకుండానే ఎవరని అడిగారు. పేరు చెప్పాను. తలుపు తెరుచుకోలేదు. గిన్నె అట్లాగే ఇంటికి తెచ్చుకున్నాను.

మీ ఇల్లు చల్లగుండాలి బిడ్డా. మీ కొడవలికి పైరు కోయడం తప్ప వేరే పని పడకూడదు, మీరు తట్టిన తలుపు తెరుచుకోవాలి.