టిప్పు లేని పిపెట్

మా కాలేజీలో డీఎన్ఏను లక్షల నకళ్లు తీసే పీసీఆర్ మిషన్‌ను మేం ముట్టుకున్నది ఆయుధపూజ రోజున మాత్రమే. గంధం పూసి, కుంకుమబొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, మళ్లీ దుప్పటి కప్పి గదికి తాళం వేసేవాళ్లు. తనిఖీవాళ్లు వస్తే ఆ దుప్పటి తీసేవాళ్లు. అంతే! మాలిక్యులర్ బయాలజీలో ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసులో పాసై, డీఎన్ఏను బోర్డు మీద బొమ్మగా తప్ప చూడకుండా బయటికొచ్చాను.

మొన్న ఒక ల్యాబ్‌లో ఇంటర్వ్యూకి పోతే కొలిచిన చుక్కను పీల్చి వదిలే పిపెట్ చేతికిచ్చి, జెల్‌లో లోడ్ చెయ్యమన్నారు. జెల్ అంటే జున్నుముక్క లాంటి పలక. నీళ్లలో మునిగి ఉంటుంది. దాని అంచున వరుసగా చిన్న చిన్న గుంతలుంటాయి. నీలం రంగు కలిపిన డీఎన్ఏను ఒక్కో గుంతలో పిపెట్‌తో వదలాలి. నాకు పిపెట్ పట్టుకోవడమే రాలేదు. అక్కడి మేడమ్ దయతలచి, "సోమవారం ఇంకోసారి రామ్మా, ఈలోగా నేర్చుకో" అన్నారు. ఎక్కడ నేర్చుకోవాలి? తిరుపతిలో ఒకరోజు శిక్షణ, "మీ చేతులతో మీరే చేసి నేర్చుకోండి" అని ఫోన్లో ప్రకటన కనపడగానే నాయన డెయిరీకి పాలు పోసిన డబ్బు తీసి కట్టేశాను.

శనివారం ఆరింటికి ఐరాలలో బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేదు గానీ ఆధార్ మరిచిపోకండి. చిత్తూరు బస్టాండులో తిరుపతి బస్సు వెంటనే దొరికింది, సీటే దొరకలేదు. పూతలపట్టు దాటాక ఒక అవ్వ జరిగి చోటిచ్చింది. కొండకు తలనీలాలు ఇవ్వడానికి పోతోందట.

"నువ్వు యాడికి పోతా ఉండావు పాపా?"

"ట్రైనింగుకు అవ్వా."

"కుట్టుమిషనా?"

"కాదవ్వా, ల్యాబు పని. ఈ పొద్దొక్క రోజే."

"ఒక్క రోజుకు ఏమొస్తాది? మా కోడలికి జాకెట్టు కుట్టేది నేర్చుకునేదానికే మూణ్ణెల్లు పట్టింది."

అవ్వ మామూలుగానే అంది గానీ నాకు చురుక్కుమంది.

తిరుపతిలో దిగేసరికి తొమ్మిది కావస్తోంది. బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, అలిపిరి పోయే బస్సెక్కి మధ్యలో దిగాను. శిక్షణ ఒక మేడ మీద, రెండో అంతస్తులో. పెళ్లిబస్సుకు సరిపడా జనం, అందరికీ కలిపి ఒక్కటే పిపెట్. పక్కన కూర్చున్న రేష్మాది శ్రీకాళహస్తి. వాళ్ల కాలేజీలో మిషనే లేదట, రికార్డులో దాని బొమ్మ గీయించి మార్కులు వేశారట. వినేకొద్దీ మా ఇద్దరికీ నవ్వూ కోపమూ కలిసొచ్చాయి.

మధ్యాహ్నం దాకా శిక్షణ ఇచ్చే సార్ స్లైడ్లు చదివారు. అన్నీ మా నోట్సులో ఉన్నవే. టమాటా బాత్ పొట్లం తిన్నాక "ఇంక ప్రాక్టికల్" అంటే ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే, సారే గుంతలన్నిట్లో పోసి, కరెంటు పెట్టి, "చూసినారు గదా, ఇదే లోడింగ్" అన్నారు. ముందువాళ్ల వీపులు తప్ప నాకేమీ కనపడలేదు.

తర్వాత ఫొటోలు. ఉన్నది ఒక్క తెల్లకోటు. ఒకరు విప్పితే ఇంకొకరు తొడుక్కోవాలి, పిపెట్ పట్టుకోవాలి, కెమెరా వైపు చూడాలి. నా వంతు వచ్చింది. పిపెట్ చివర తొడగాల్సిన ప్లాస్టిక్ టిప్పు లేదు. అది లేకపోతే చుక్క కూడా ఎత్తలేం.

"సార్, టిప్పు లేదు."

"ఫొటోలో కనపడదులేమ్మా. నవ్వు."

ఒళ్లు మండిపోయింది. కోటు విప్పి కుర్చీ మీద పడేశాను. "ఫొటో వద్దు సార్. లోడింగ్ చేయించండి. మా చేతులతో చేయిస్తామనే కదా పిలిచినారు?"

"అందరికీ ఇస్తే మెటీరియల్ ఏమైపోవాల? సర్టిఫికెట్ ఇస్తాం గదమ్మా!"

"సోమవారం నాకు ఇంటర్వ్యూ ఉండాది. సర్టిఫికెట్‌తో లోడ్ చెయ్యమంటారా సార్?"

రేష్మా లేచి నిలబడింది. "ఆమె అడిగేది న్యాయమే గదా సార్. మేమూ దానికే వచ్చినాం." వెనకనుంచి ఇంకొందరు అందుకున్నారు. సార్ మొహం మాడ్చుకుని, వాడేసిన జెల్ ఒకటి నీళ్ల డబ్బాలో పెట్టి, పిపెట్‌కు టిప్పు తొడిగి, నీలం రంగుతో సహా నా ముందుకు తోశారు.

మొదటి గుంతలో టిప్పు దిగబడి అడుగు చిరిగింది. నీలమంతా నీళ్లలో కలిసిపోయింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"చూసినారా? అందుకే మేము మీ చేతికియ్యం" అన్నారు సార్.

అయినా అనేశాను. "ఇది నేను ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో చెడగొట్టాల్సింది సార్. ఆ పొద్దు చెడగొట్టనిచ్చింటే ఈ పొద్దు మీ దగ్గరికి వచ్చేదాన్నే కాదు."

రెండో గుంతలో సగం బయటికి పోయింది. మోచెయ్యి బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి మూడోది వదిలాను. నీలం మెల్లగా దిగి గుంతలో కుదురుగా కూర్చుంది. రేష్మా నా భుజం మీద గట్టిగా ఒక్కటి చరిచి, పిపెట్ లాక్కుంది. ఆమె వెనక అప్పటికే వరస కట్టేశారు.

ఐదున్నరకు చిత్తూరు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కాశిపెంట్ల దగ్గర ఫోన్ మోగింది. శిక్షణవాళ్ల వాట్సాప్ గ్రూపులో వచ్చే నెల బ్యాచ్‌కు ప్రకటన. దాని మీద పెద్దగా నా ఫొటో! జెల్ మీద వంగి, మూడో గుంతలో వదులుతున్న నేను. ఎవరు తీశారో! కింద, "మా దగ్గర ప్రతి విద్యార్థీ స్వయంగా చేస్తారు" అని రాసుంది. ఎన్ని గుండెలుండాలి! కొట్లాడి లాక్కున్నదాన్ని తాము పెట్టిన విందులాగా చెప్పుకుంటున్నారు.

వెంటనే కింద రాశాను: "ఇది అడిగితే ఇచ్చింది కాదు, కొట్లాడితే దొరికింది. వచ్చేవాళ్లు కొట్లాడడానికి సిద్ధపడి రండి."

బస్సు పూతలపట్టు చేరేలోపే నన్ను గ్రూపులోంచి తీసేశారు. తీసేస్తే తీసేశారు. సోమవారం నేను తీసుకెళ్లేది వాళ్ల సర్టిఫికెట్‌ను కాదు, నా చేతిని.