కళ్లు మూసుకున్నందుకు

ఇరవై రెండేళ్లు నేను బొగ్గుబాయిలో పైకప్పు పరీక్షించే పని చేశాను. మనుషులు లోపలికి పోకముందే నేను పోయి, గడ్డపారతో పైన తట్టి, కళ్లు మూసుకుని వినేవాణ్ని. కూలబోయే కప్పు ముందుగా సన్నగా కటకటమంటుంది. కంటికి మాత్రం ఏమీ తెలియదు.

పోయిన ఏడాది చంద్రపూర్‌లో మాకు శిక్షణ పెట్టారు. కళ్లకు పెద్ద అద్దాలు తగిలిస్తే చుట్టూ గని కనిపిస్తుంది, అందులో కప్పు కూలుతుంది. చూసేవాడు అందులో ఎంత లీనమయ్యాడో తెలుసుకోవడానికి తలకు తీగల టోపీ పెట్టి మెదడు సంకేతాలు తీస్తారు. కప్పు కూలే ముందు చెవులు పగిలేలా సంగీతం మోగింది. ఆ రొదలో కటకట ఎక్కడైనా ఉందా అని అలవాటుగా కళ్లు మూసుకున్నాను. లేదు. తయారుచేసిన మహానుభావులకు ఆ శబ్దమే తెలియదు!

అద్దాలు తీస్తూ యంత్రం దగ్గరి అమ్మాయి నవ్వింది. "కాకా, ఝోప్ లాగలీ కా?" నిద్ర పట్టిందా అట! కళ్లు మూస్తే మెదడులో విశ్రాంతి అలలు లేస్తాయట. కాగితం మీద నేను కునికినట్టే వచ్చింది.

"నిద్ర గాదు బిడ్డా, ఇంటున్న" అన్నాను. ఆమె అది రాసుకోలేదు.

మేనేజర్ ఆ కాగితం చూసి నన్ను పైన, లోపలికి పోయేవాళ్లకు దీపాలిచ్చి తిరిగి తీసుకునే గదిలో పడేశాడు. నా పని రాజురా వైపు రైతుకిచ్చారు, గనికి భూమి పోయినందుకు ఉద్యోగం దొరికినాయన. అద్దాల్లో చూసి ఆయన గుండె అదిరింది, మార్కులు బాగా వచ్చాయి. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ కాగితం మీద మాత్రం ఇప్పటికీ ఉంది.

నెల తిరక్కముందే ఆయన దీపం మార్చుకోవడానికి పైకొచ్చాడు. "అన్నా, పైన ఏందో కటకటమంటుంది. ఆ అద్దాల సినిమాల గట్ల రాలేదు గదా?"

"అందరు బయటికొచ్చిండ్రా?"

"లే. మంచిగనే కనవడ్తుందని పని చేస్తుండ్రు."

నాకు ఒళ్లు మండింది. ఎవరినీ అడక్కుండా లోపలికి ఫోన్ చేసి, నోటికొచ్చినట్టు తిట్టి, పదకొండు మందినీ బయటికి రప్పించాను. చివరి దీపం నా చేతికి వచ్చాక లోపల కప్పు కూలింది.

మరుసటి రోజు మేనేజర్ పిలిచాడు. నా పాత పని కావాలంటే మళ్లీ ఆ టోపీ పెట్టుకోవాలట. ఈసారి మాత్రం కళ్లు తెరిచి ఉంచాలట.