తప్పుల టీచరు

లెక్కల టీచరుకు కోపం ముక్కు మీదే ఉంటుందన్న సంగతి ఆ బళ్ళో బెంచీలకు కూడా తెలుసు. అయినా పిల్లలు ఆమె పీరియడు కోసం కాచుక్కూర్చునేవారు. కారణం ఆమె పద్ధతి. బోర్డు మీద లెక్క చేస్తూ చేస్తూ నడిమధ్యలో కావాలని ఒక తప్పు చేసేది. ఏమీ ఎరగనట్టు ముందుకు పోయేది. ఎవరో ఒకరు "ఆగండి టీచర్, తప్పు" అని అరిచేదాకా ఆగేది కాదు. అరిచినవాళ్ళ చేతికి చాక్‌పీసు ఇచ్చి తను వెళ్ళి వాళ్ళ జాగాలో కూర్చునేది. అలా ఏళ్ళ తరబడి చూసి పిల్లలు ఆమెకు తప్పుల టీచరని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు చెవిన పడినప్పుడల్లా పైకి కళ్ళెర్రజేసినా లోపల్లోపల మురిసిపోయేది.

అలాంటి మనిషి నెత్తిన వీడియో పాఠాలు వచ్చి పడ్డాయి.

"ఇకమీదట పాఠం ఇంట్లో, లెక్కలు బళ్ళో" అన్నాడు హెడ్మాస్టరు, స్టాఫ్ రూములో అందరినీ కూర్చోబెట్టి. "మీరు పాఠం వీడియో తీసి పెడతారు. పిల్లలు ఇంటి దగ్గర చూసి వస్తారు. క్లాసులో వాళ్ళే చేస్తారు, మనం పక్కనుంటాం. అంతా పిల్లల చుట్టూ తిరగాలి."

"ఇన్నాళ్ళూ నేను గోడల చుట్టూ తిరిగానా సార్?" అంది లెక్కల టీచరు.

హెడ్మాస్టరు నవ్వలేదు. "తొమ్మిదో తరగతితో మొదలుపెడదాం మేడమ్. మీ వల్ల కాదంటే ఇప్పుడే చెప్పండి. కంపెనీ దగ్గర కొన్న వీడియో పాఠాలు ఎలాగూ ఉన్నాయి, కంప్యూటర్ సార్ నడిపిస్తారు. మీకు లైబ్రరీ అప్పజెబుతాను."

ఆ బళ్ళో లైబ్రరీ అంటే విరిగిన కుర్చీలు పడేసే గది. అక్కడ పుస్తకాల కంటే కుర్చీ కాళ్ళే ఎక్కువ. తొమ్మిదో తరగతి చేజారితే తను మిగతా ఉద్యోగమంతా ఆ కాళ్ళ మధ్య కూర్చోవాలి. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అయినా నోరు మూసుకుని తలూపింది.

మొదటి పాఠం వంటగదిలో తీశారు, వెలుతురు బాగుంటుందని. ఫోనును కుక్కరుకు ఆనించి నిలబెట్టారు. మందుల షాపు నడిపే ఆమె భర్త ఆ పూట కెమెరామన్ అవతారమెత్తాడు.

"కళ్ళజోడు తీసెయ్. అద్దాల్లో లైటు మెరిసి నీ మొహం కనపడట్లేదు."

"నా మొహంతో వాళ్ళకేం పని? అంకెలు కనపడితే చాలదా?" అని విసుక్కుంటూనే తీసి పక్కన పెట్టింది. బ్రాకెట్టు ముందు మైనస్ ఉంటే లోపలి గుర్తులు తిరగబడాలన్నది పాఠం. అలవాటు ఊరుకోదు కదా, ఒక గుర్తు తిప్పకుండా కావాలని వదిలేసింది. వదిలేసి ఆగింది. కుక్కరు వైపు చూసింది.

"ఎందుకు ఆగావు?" అన్నాడు భర్త.

"పట్టుకుంటారేమోనని."

"ఎవరు, నేనా? నాకు చిల్లర లెక్కే సరిగ్గా రాదు."

ఆమె తప్పును సరిచేయకుండానే పాఠం ముగించింది. రేపు పిల్లలు క్లాసులో కాలు పెడుతూనే ఎగబడతారు, అరుపులతో గది దద్దరిల్లుతుంది, హెడ్మాస్టరు కూడా వింటాడు. అదీ ఆమె ధీమా.

మర్నాడు ఎవరూ అరవలేదు. క్లాసంతా ఆ తప్పును శ్రద్ధగా, ముత్యాల్లాంటి అక్షరాలతో దించుకుని వచ్చింది. ఇంటి లెక్కలు కూడా అదే దారిలో చేసి, బడి ఇచ్చిన ట్యాబుల్లో పంపితే, వాటిని దిద్దే మిషను ప్రతి ఒక్కరికీ ఎర్ర గుర్తు కొట్టి పెట్టింది. మధ్యాహ్నానికి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. టీచరుకే రాని లెక్క పిల్లలకెలా వస్తుందని ఒకాయన అడిగాడు. పేరుకు తగ్గ టీచరేనని ఇంకొకావిడ వెటకారమాడింది. ఇన్నేళ్ళూ ముద్దుగా విన్న పేరు ఆ రోజు చెంప మీద కొట్టినట్టయింది.

హెడ్మాస్టరు పిలిచి చెప్పాడు. "వచ్చే వారం తల్లిదండ్రుల తరఫున ఇద్దరిని తీసుకుని మీ క్లాసుకు వస్తాను. చూసి తేల్చేద్దాం."

క్లాసుకు వెళ్తూనే ఆమె ముందు బెంచీ మీద విరుచుకుపడింది. "రోజూ గొంతు చించుకునేవాళ్ళు, ఇప్పుడేమైంది మీకు?"

ముందు బెంచీ పిల్లలు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. చివరికి ఒకమ్మాయి నెమ్మదిగా చెప్పింది. "వీడియోలో తెలియలేదు టీచర్. క్లాసులో అయితే తప్పు చేసే ముందు మీరు కళ్ళజోడు సర్దుకుంటారు. అప్పుడు వెతుక్కుంటాం."

లెక్కల టీచరు చెయ్యి దానంతటదే కళ్ళజోడు మీదికి పోయింది. పిల్లలు కిసుక్కుమన్నారు. ఇన్నేళ్ళూ తను పిల్లల చేత లెక్కలు చదివిస్తున్నాననుకుంది, వాళ్ళు తన మొహం చదువుకుంటూ వచ్చారు. అదైనా ముందు బెంచీకే కనిపించే మొహం. వెనక వాళ్ళు ఇన్నాళ్ళూ ఏం చేశారో ఆమెకు అసలు తెలియదు. అది తలుచుకుంటే కోపం ఎవరి మీద చూపించాలో కూడా అర్థం కాలేదు.

స్టాఫ్ రూములో తల పట్టుకుని కూర్చుంటే కంప్యూటర్ సారు ల్యాప్‌టాప్ ముందుకు జరిపాడు. వయసులో ఆమె తమ్ముడంత ఉంటాడు. సలహా చెప్పాలంటే భయం, చెప్పకుండా ఉండలేడు.

"ఒకసారి ఇది చూడండి మేడమ్. పిల్లలు వీడియోను ఎక్కడ ఆపారో, ఎక్కడ వెనక్కి తిప్పారో ఇందులో తెలుస్తుంది. సరిగ్గా మీరు గుర్తు వదిలేసిన చోట ఒకరు మళ్ళీ మళ్ళీ వెనక్కి వెళ్ళారు."

ఆ ఒకరు కిటికీ పిల్ల. కిటికీ పక్కన చివరి బెంచీలో కూర్చుంటుంది కాబట్టి ఆ పేరు. హాజరు పలకడానికి తప్ప నోరు విప్పగా విన్నవాళ్ళు లేరు. లెక్కల టీచరు ఆ పిల్లను ఎప్పుడో మొద్దుల ఖాతాలో వేసేసింది.

"అక్కడ తప్పుందని నీకు తెలుసా?" అని అడిగింది ఆమె, మెట్ల దగ్గర పక్కకు పిలిచి.

"అనుమానం వచ్చింది టీచర్. మళ్ళీ మళ్ళీ చేసి చూశాను. మీరు చెప్పారు కదా, నాదే తప్పనుకుని మీలాగే రాసేశాను."

"మరి క్లాసులో ఒక్కసారైనా చెయ్యి ఎత్తలేదేం?"

"నేను చేసి చూసుకునేలోపే ముందువాళ్ళు అరిచేస్తారు" అంది ఆ పిల్ల, చెప్పుల వైపు చూస్తూ. "వీడియోలో అయితే మిమ్మల్ని ఆపొచ్చు."

ఆ మాట ఆమెకు ఇంటిదాకా గుచ్చుకుంటూనే ఉంది. సిగ్గేసింది. సిగ్గు ముదిరి మళ్ళీ కోపమైంది, ఆ కోపంలోనే పద్ధతి మార్చేసింది. క్లాసులో అరుపులు బంద్. పిల్లల్ని చిన్న చిన్న జట్లుగా కూర్చోబెట్టి, వీడియోను వాళ్ళ ట్యాబుల్లో వాళ్ళే నడుపుకోమంది. అనుమానం ఉన్న చోట ఆపి, చేసి చూసి, ఆ తర్వాతే మాట్లాడాలి. తను మాత్రం మాట్లాడకూడదు. ఆమె తల ప్రాణం తోకకొచ్చింది అక్కడే. ఎదురుగా పిల్లాడు లెక్కను గంగలో కలిపేస్తుంటే చూస్తూ ఊరుకోవడం ఎంత కష్టమో ఆమెకు తెలిసొచ్చింది. పళ్ళు నూరుతూ వరసల మధ్య తిరిగేది. ఇంటికెళ్ళి ఆ మాటలన్నీ భర్త మీద కుమ్మరించేది.

హెడ్మాస్టరు వచ్చే రోజు రానే వచ్చింది. ఆయనా, గ్రూపులో మండిపడ్డ ఇద్దరూ వెనక కుర్చీల్లో కూర్చున్నారు. ఆ రోజు వీడియోలో లెక్క చిన్నదే. ఒక సంఖ్యను దానితోనే గుణిస్తే దానికి అయిదు రెట్లు వచ్చింది, ఆ సంఖ్య ఏది? ట్యాబుల్లోని లెక్కల టీచరు రెండు వైపులా ఆ సంఖ్యను కొట్టేసి, జవాబు అయిదు అని తేల్చేసింది. ఈసారి ఎక్కడా తప్పు పెట్టలేదు. వచ్చినవాళ్ళ ముందు ఏ గొడవా వద్దనుకుంది.

పిల్లలు జట్లలో గుసగుసలాడుకుంటున్నారు. గదిలో పెద్దగా శబ్దం లేదు. హెడ్మాస్టరు గడియారం చూసుకున్నాడు. అప్పుడు కిటికీ దగ్గర ఒక చెయ్యి సగం లేచింది.

"టీచర్, సున్నా కూడా సరిపోతుంది. సున్నాను సున్నాతో గుణిస్తే సున్నా. సున్నాకు అయిదు రెట్లన్నా సున్నానే. అలా కొట్టేస్తే సున్నా పోతుంది."

లెక్కల టీచరు మనసులో లెక్క మళ్ళీ చేసి చూసుకుంది. నిజమే. వీడియో పొడుగైపోతోందన్న తొందరలో సున్నాను మింగేసింది. ఏ పిల్లాడైనా ఇలా చేస్తే చెవి మెలేసే తప్పు.

"ఇది కూడా మీరు కావాలనే పెట్టారా టీచర్?" అని అడిగింది కిటికీ పిల్ల.

గదంతా ఆమె వైపు చూసింది. అవునంటే అయిపోతుంది. అందరూ నమ్ముతారు, తప్పుల టీచరు కదా. పరువూ తొమ్మిదో తరగతీ రెండూ దక్కుతాయి. ఆమె చెయ్యి కళ్ళజోడు దాకా వెళ్ళి దిగిపోయింది.

"లేదమ్మా. ఇది నిజంగా నేను చేసిన తప్పే. నాకు తెలియను కూడా తెలియలేదు. నువ్వు పట్టుకున్నావు."

ఎవరూ నవ్వలేదు. ముందు బెంచీ పిల్లలు వెనక్కి తిరిగి ఆ పిల్లను మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. చాక్‌పీసు చేతికిస్తే కిటికీ పిల్ల బోర్డు దాకా నడిచి వచ్చింది. టీచరు వెళ్ళి చివరి బెంచీలో కూర్చుంది. అక్కడి నుంచి బోర్డు మీద సగం అంకెలు కనపడవని ఆమెకు అప్పుడు తెలిసింది.

బయట వరండాలో హెడ్మాస్టరు గొంతు తగ్గించి అన్నాడు. "ముందు ఆ వీడియో తీసేయండి మేడమ్."

"తియ్యను సార్. వాళ్ళు దాన్ని పట్టుకున్నారు, ఇక అది వాళ్ళ పాఠం."

ఆయన తన వెంట వచ్చినవాళ్ళ వైపు చూశాడు. పేరుకు తగ్గ టీచరని వెటకారమాడినావిడ చెప్పుల్లో కాళ్ళు దూర్చుతూ, "మావాడు ఇంట్లో ఇప్పుడు నా లెక్కలు కూడా ఆపి అడుగుతున్నాడండీ" అంది. అది మెచ్చుకోలో ఫిర్యాదో తేలలేదు. హెడ్మాస్టరు నిట్టూర్చాడు. "పరీక్షల దాకా క్లాసు మీదే. ఆ తర్వాత చూద్దాం."

చూద్దామట. ఇన్నేళ్ళ సర్వీసుకు దక్కింది ఆ ముక్క. విసవిసా నడిచి క్లాసులోకి వచ్చేసరికి కిటికీ పిల్ల ట్యాబు గుండెలకు అదుముకుని ఆమె కోసమే నిలబడి ఉంది.

"టీచర్, మొన్నటి వీడియోలో ఇంకోటి ఉంది."

లెక్కల టీచరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. కుర్చీ బరబరా లాక్కుని ఆ పిల్ల పక్కన కూర్చుంది.

"ఎక్కడ? చూపించు."